గ్యాస్ అయిపోయిందంటే వెంటనే నమ్మకండి

పాఠకుల ప్రశ్నలు – జవాబులు: ఇంట్లో ఫ్రిజ్

ఎండలు ముదిరేసరికి ఫ్రిజ్ ఉత్తరాలు పెరిగాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే. జవాబుల్లోకి వెళ్లే ముందు అందరికీ ఒక మాట. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ప్లగ్గు పీకి, కంటికి కనబడేలా ఫ్రిజ్ మీద పెట్టుకోండి. స్విచ్ ఆపితే చాలదు. కొన్ని ఇళ్లలో వైరింగ్ తారుమారై స్విచ్చి న్యూట్రల్ మీద పడి ఉంటుంది. స్విచ్ ఆపినా లోపల కరెంటు ఉంటుంది.

*

మాది 250 లీటర్ల డబుల్ డోర్ ఫ్రిజ్. కొని ఆరేళ్లయింది. పైన ఐస్ కడుతోంది గానీ కింద పాలు విరిగిపోతున్నాయి, ఆకుకూరలు పూట తిరక్కుండా వడిలిపోతున్నాయి. పక్కింటావిడ చెబితే ఒకరోజంతా ఆపి తలుపులు తీసి ఉంచాం. తొమ్మిది రోజులు బ్రహ్మాండంగా పనిచేసి మళ్లీ మొదటికొచ్చింది. మెకానిక్ వచ్చి గ్యాస్ అయిపోయింది, మూడున్నర వేలవుతుందన్నాడు. పట్టించమంటారా?
– పాఠకురాలు, ఏలూరు

పట్టించకండి. గ్యాస్ ఉందనడానికి సాక్ష్యం మీ ఉత్తరంలోనే ఉంది. గ్యాస్ పోయిన ఫ్రిజ్ ఒకరోజు విశ్రాంతి ఇచ్చినంత మాత్రాన తొమ్మిది రోజులు పనిచేయదు. మీ పక్కింటావిడ తెలియకుండానే అసలైన పరీక్ష చేయించారు.

డబుల్ డోర్ ఫ్రిజ్‌లలో ఎక్కువ వాటిలో చలి పుట్టేది ఒక్కచోటే. ఫ్రీజర్ వెనక పలక ఉంటుంది కదా, దాని వెనక దాక్కున్న కాయిల్ దగ్గర. అక్కడున్న చిన్న ఫ్యాను ఆ చల్లగాలిని ఫ్రీజర్‌లోకి, కొంత భాగాన్ని సందు గుండా కింది అరలోకి తోస్తుంది. కాయిల్ మీద మంచు పడుతూనే ఉంటుంది. దాన్ని కరిగించడానికి మోడల్‌ని బట్టి ఆరు నుంచి పన్నెండు గంటలకోసారి టైమర్ కంప్రెసర్‌ని ఆపి హీటర్‌ని వెలిగిస్తుంది. ఆ ఏర్పాటు చెడిపోతే మంచు కరగదు. పొర మీద పొర పేరుకుని వారం పది రోజుల్లో కాయిల్ రెక్కల మధ్య సందులన్నీ పూడిపోతాయి. ఫ్యాను తిరుగుతున్నా లాగడానికి గాలి ఉండదు. గడ్డ పక్కనే ఉంటుంది కాబట్టి ఫ్రీజర్‌కి కొంత చలి అందుతుంది, కింది అరకి మాత్రం అందదు. మీ తొమ్మిది రోజుల లెక్క దీనికి అచ్చంగా సరిపోతోంది.

కళ్లతో చూసుకోవాలంటే ఇలా చేయండి. ఫ్రీజర్ ఖాళీ చేసి, ప్లగ్గు పీకి, వెనక పలక స్క్రూలు తీయండి. వాటి మీద చిన్న ప్లాస్టిక్ మూతలుంటాయి, సన్నటి స్క్రూడ్రైవర్ మొనతో లేపితే వస్తాయి. పలక కదలకపోతే అది మంచుకి అతుక్కుని ఉన్నట్టు. గుంజితే విరుగుతుంది. తలుపు తీసి, ఒక గిన్నెలో వేణ్ణీళ్లు లోపల పెట్టి అరగంట ఆగండి. పలక ఊడాక వైర్లు ఎక్కడివక్కడ ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తర్వాత బిగించేటప్పుడు ఈ ఫొటోయే దిక్కు.

కాయిల్ మొత్తం తెల్లటి గోడలా పూడిపోయి ఉంటే కరిగించే ఏర్పాటులో లోపం. పైనంతా శుభ్రంగా ఉండి అడుగున మాత్రం గాజులాంటి గట్టి ఐస్ ఉంటే నీళ్లు పోయే రంధ్రం మూసుకుపోయింది. గోరువెచ్చటి నీళ్లు సిరంజితో కొడితే తెరుచుకుంటుంది. ఇక గ్యాస్ నిజంగా తగ్గితే గుర్తు వేరు. కాయిల్ మొదటి ఒకటి రెండు వరసల మీద మాత్రమే మంచు ఉండి, మిగతాదంతా బోసిగా ఉంటుంది. మెకానిక్ ఈ పలక తీసి చూడకుండానే గ్యాస్ అన్నాడంటే అది చూసి చెప్పిన మాట కాదు.

మంచుగోడ కనబడితే చూడాల్సినవి నాలుగు: టైమర్, హీటర్, బైమెటల్ (చలికి కలిసి, వేడికి తెగి హీటర్‌ని ఆపే చిన్న స్విచ్చి), థర్మల్ ఫ్యూజు. టైమర్‌తో మొదలుపెట్టండి. కొన్నిటిలో థర్మోస్టాట్ డబ్బాలో, కొన్నిటిలో వెనక కంప్రెసర్ దగ్గర ఉంటుంది. దాని మీద స్క్రూడ్రైవర్ దూరే గాడి ఉన్న పిడి ఉంటుంది. ఆ పిడిని గడియారం ముల్లు తిరిగే వైపే నెమ్మదిగా తిప్పండి, వెనక్కి తిప్పకూడదు. ఒకచోట ‘టక్’మంటుంది. ఇప్పుడు ప్లగ్గు పెడితే కంప్రెసర్ నడవకూడదు, హీటర్ వేడెక్కాలి. కాసేపటికి ఐస్ పగులుతున్న చిటపటలు, వెనక ట్రేలో నీటిచుక్కల చప్పుడు వినబడితే హీటర్, బైమెటల్, ఫ్యూజు మూడూ బాగున్నట్టే. తప్పు టైమర్‌ది. పిడి మీద పెన్నుతో గీత పెట్టి, కంప్రెసర్ రెండు మూడు గంటలు నడిచాక చూడండి. గీత కదలకపోతే టైమర్ మోటారు చచ్చిపోయింది. అదే నంబరున్న టైమర్ తెచ్చి వేస్తే పని అయిపోయినట్టే.

చుక్క నీరు కూడా రాకపోతే మల్టీమీటర్ కావాలి. మళ్లీ ప్లగ్గు పీకి, ముందు థర్మల్ ఫ్యూజు చూడండి. మీటరుని బీప్ గుర్తు మీద ఉంచి రెండు కొనలూ ఆనిస్తే ఇది ఎప్పుడు చూసినా బీప్‌మనాలి. అనకపోతే కాలిపోయింది. దాని మీద 72 అనో 77 అనో డిగ్రీలు అచ్చువేసి ఉంటాయి, అదే అంకెది కొనండి. దొరకలేదని రెండు వైర్లు కలిపేసి టేపు చుట్టేవాళ్లున్నారు. అది చేయకండి, చేయనివ్వకండి. బైమెటల్ ఎప్పుడైనా అతుక్కుపోతే హీటర్‌ని ఆపేది ఇక ఆ ఫ్యూజు ఒక్కటే. అది లేకపోతే లోపలి ప్లాస్టిక్ కరిగి నిప్పంటుకునే దాకా పోవచ్చు.

బైమెటల్ దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. మామూలు వేడిలో అది బీప్‌మనదు, అనకూడదు కూడా. బాగా చల్లబడ్డాకే లోపలి రేకు కలుస్తుంది. చాలావాటికి సున్నా డిగ్రీలు చాలదు, మైనస్ 5 నుంచి 10 దాకా దిగాలి. కాబట్టి ఐస్ నీళ్లలో ముంచి, బీప్ రాలేదని మంచి బైమెటల్‌ని పారేయకండి. పక్కింటి ఫ్రీజర్‌లో అరగంట పెట్టి తీసిన వెంటనే చూడండి. లేదా కుల్ఫీ బండివాడి పద్ధతి: దంచిన ఐస్ మూడు వంతులు, రాళ్లుప్పు ఒక వంతు కలిపి, బైమెటల్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇరవై నిమిషాలు అందులో పూడ్చండి. అప్పుడూ బీప్ రాకపోతే మార్చాల్సిందే.

హీటర్‌కి లెక్క ఉంది. 230ని 230తో గుణించి దాని వాట్లతో భాగించండి. 150 వాట్ల హీటర్ దాదాపు 350 ఓములు చూపించాలి. మీటరు కదలకపోతే లోపలి తీగ తెగింది.

కాయిల్ మీద మంచు మామూలుగానే ఉండి కింద చల్లబడకపోతే అప్పుడు ఫ్యాను వైపు చూడాలి. చాలా మోడళ్లలో తలుపు తీయగానే ఫ్యాను ఆగుతుంది. అందుకే తలుపు స్విచ్‌ని వేలితో నొక్కిపట్టి చెవి పెట్టండి. కంప్రెసర్ నడుస్తున్నప్పుడు గాలి చప్పుడు రావాలి. ఇంకా తేలికైన సంగతి ఒకటుంది, చల్లగాలి వచ్చే సందుకి అడ్డంగా కొత్తిమీర కవరో పాల ప్యాకెట్లో కుక్కి ఉన్నాయేమో చూసుకోండి.

బిగించేటప్పుడు కాయిల్ చుట్టూ ఉన్న స్పాంజి పట్టీ, థర్మోకోల్ ఎక్కడివక్కడ కూర్చోవాలి. సందు మిగిలితే తేమ గాలి దూరి మళ్లీ గడ్డకడుతుంది. ఒకరోజంతా ఖాళీగా నడిపాకే సామాను సర్దండి. కొత్త మోడళ్లలో ఈ టైమర్ ఉండదు, ఆ పని సెన్సార్లు, సర్క్యూట్ బోర్డు చూసుకుంటాయి. మీది అదైతే పలక తీసి మంచు చూడటం వరకే మీ పని.

*

సింగిల్ డోర్, 190 లీటర్లు. లోపల లైటు వెలుగుతుంది. వెనక నుంచి ‘గుంయ్’మని కొన్ని సెకన్లు మోగి ‘టక్’మని ఆగిపోతుంది. రెండు మూడు నిమిషాలకి మళ్లీ అదే వరస. కంప్రెసర్ పోయిందంటున్నారు.
– పాఠకుడు, కరీంనగర్

పోయి ఉండొచ్చు. కానీ అలా తేల్చే ముందు చూడాల్సిన చవక వస్తువులు రెండున్నాయి. ముందు ఆ చప్పుడుకి అర్థం తెలుసుకోండి. ‘గుంయ్’మంటోందంటే కరెంటు కంప్రెసర్ దాకా చేరుతోంది. అంటే ప్లగ్గు, థర్మోస్టాట్ బాగున్నాయి. తిరగడానికి ప్రయత్నించి తిరగలేక ఎక్కువ కరెంటు లాగేసరికి ఓవర్‌లోడ్ ‘టక్’మని తెంపేస్తోంది. అది చల్లారాక మళ్లీ కలుపుతోంది. కాబట్టి ఆ ‘టక్’ రోగం కాదు, కాపలా.

మొదట వోల్టేజీ. సాకెట్‌లో మీటరు ఊరికే పెట్టి 220 ఉందని సంతోషించకండి. ‘గుంయ్’మనే ఆ కొద్ది సెకన్లలో ఎంతకి పడుతోందో చూడండి. 180 కిందికి జారుతుంటే చాలా కంప్రెసర్లు లేవలేవు. అందరి ఇళ్లలో ఏసీలు తిరిగే రాత్రి వేళ చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. పగలు మామూలుగా లేచి రాత్రే మొరాయిస్తే అది ఫ్రిజ్ తప్పు కాదు, స్టెబిలైజర్ కావాలి. సన్న వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడుపుతుంటే ముందు దాన్ని తీసి నేరుగా గోడ సాకెట్‌కి పెట్టి చూడండి.

రెండోది రిలే, అంటే కంప్రెసర్‌ని లేపడానికి మొదటి క్షణంలో సాయపడే ముక్క. కంప్రెసర్ పక్కన తీగ క్లిప్పుతో బిగించిన ప్లాస్టిక్ మూత ఉంటుంది. ప్లగ్గు పీకి అది తీయండి. లోపల కెపాసిటర్ కూడా ఉంటే దాని పిన్నులు ముట్టుకోకండి, ప్లగ్గు పీకాక కూడా షాక్ కొట్టొచ్చు. అగ్గిపెట్టెలో సగమంత నల్లటో తెల్లటో ముక్క కంప్రెసర్ పిన్నులకి గుచ్చి ఉంటుంది. నిటారుగా లాగితే వస్తుంది. చెవి దగ్గర ఆడించండి. గలగలలాడితే లోపలి బిళ్ల ముక్కలైంది, ఇంకేం చూడక్కర్లేదు. కాలిన వాసన, నల్లటి మరక ఉన్నా అంతే. చప్పుడు లేకపోతే పూర్తిగా చల్లారాక మీటరు పెట్టండి. కొన్ని ఓములు మొదలుకుని ఒక ముప్పై నలభై ఓముల లోపు చూపిస్తే బాగున్నట్టు. వేడిగా ఉన్నప్పుడు పెడితే ఎక్కువ చూపిస్తుంది, అది లెక్కలోకి రాదు. ఆ బిళ్ల గుణమే అది. చల్లగా ఉన్నప్పుడు స్టార్టింగ్ వైండింగ్‌కి దారి ఇస్తుంది, క్షణంలో వేడెక్కి దారి మూసేస్తుంది. కరెంటు పోయి వెంటనే వస్తే ఫ్రిజ్ లేవకపోవడానికి ఒక కారణం ఇదే, బిళ్ల ఇంకా వేడిగా ఉండటం. రెండోది లోపలి గ్యాస్ ఒత్తిడి సమానం కాకపోవడం. ఐదు నిమిషాల విరామం కావాలనేది అందుకే.

రిలే బాగుంటే కంప్రెసర్ మీదున్న మూడు పిన్నుల్ని రెండేసి చొప్పున కొలవండి. ఉదాహరణకి 14, 20, 34 ఓములు వచ్చాయనుకోండి, చిన్నవి రెండూ కలిపితే పెద్దది రావాలి. 34 వచ్చిన రెండు పిన్నులు స్టార్ట్, రన్. మూడోది కామన్. ఏ జతలోనైనా మీటరు కదలకపోతే వైండింగ్ తెగింది. తర్వాత కంప్రెసర్ ఒంటి మీద కొంచెం రంగు గీకి, అక్కడ ఒక కొన, ఒక్కో పిన్ను మీద రెండో కొన పెట్టండి. ఏమీ చూపించకూడదు. చూపిస్తే బాడీకి కలిసిపోయింది, ఇక దాన్ని నడపొద్దు.

వైండింగ్ సరిగా ఉండి, వోల్టేజీ ఉండి, కొత్త రిలే వేసినా ‘టక్’మంటే కంప్రెసర్ జామ్. చెక్క సుత్తితో కొడితే ఒక్కోసారి కదులుతుంది గానీ ఆ కదలిక మీద ఆశ పెట్టుకోకండి. పదేళ్లు దాటిన సింగిల్ డోర్‌కి కొత్త కంప్రెసర్ వేయించడం మా దృష్టిలో డబ్బు దండగ. రిలే, ఓవర్‌లోడ్ కొనేటప్పుడు కంప్రెసర్ మీది నంబరు రాసుకెళ్లండి. పెద్ద కంప్రెసర్‌కి తయారైన ఓవర్‌లోడ్ మీ చిన్న కంప్రెసర్ మాడిపోతున్నా తెంపదు.

*

మాది ఇన్వర్టర్ కంప్రెసర్ ఫ్రిజ్. ఇదే పద్ధతిలో పరీక్షించవచ్చా? కంప్రెసర్‌కి డైరెక్ట్ కరెంటు ఇచ్చి చూస్తానంటున్నాడు మా ఎలక్ట్రీషియన్.
– పాఠకుడు, హైదరాబాద్

వద్దనండి. అది బోర్డు నుంచి వచ్చే మూడు ఫేజుల మీద నడిచే మోటారు. నేరుగా 230 వోల్టులు ఇస్తే క్షణాల్లో మాడుతుంది. మీరు చూడగలిగేది ఒక్కటే: ప్లగ్గు పీకి పది నిమిషాలాగి, మూడు పిన్నుల మధ్య జతలు జతలుగా కొలిస్తే మూడూ దాదాపు ఒకే అంకె రావాలి. వస్తే కంప్రెసర్ వైండింగ్ మీద అనుమానం తగ్గించుకుని బోర్డు వైపు చూడమని చెప్పొచ్చు. వెనక బోర్డు మీద ఎర్ర లైటు ఆగి ఆగి మిణుకుమంటుంటే ఎన్నిసార్లో లెక్కపెట్టి, వీడియో తీసి, సర్వీసుకి వచ్చేవాళ్లకి చూపించండి. ఆ లెక్కలోనే లోపం పేరు ఉంటుంది.

*

మూడేళ్లుగా ప్రతి వేసవికీ గ్యాస్ పట్టిస్తున్నాం. ‘వాడకానికి గ్యాస్ అయిపోతుంటుంది, మామూలే’ అంటున్నాడు మెకానిక్. మా ఇల్లు సముద్రానికి దగ్గర.
– పాఠకురాలు, విశాఖపట్నం

స్కూటర్లో పెట్రోలు కాలిపోతుంది. ఫ్రిజ్‌లో గ్యాస్ కాలదు, అరగదు. వెల్డింగ్ చేసి మూసిన గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంటుంది. తగ్గిందంటే ఎక్కడో రంధ్రం ఉంది. ఆ రంధ్రం వెతక్కుండా పట్టించిన మూడుసార్లూ మీరు గాలిలోకి డబ్బు వదిలారు.

ఫ్రిజ్ వెనకో, లోపలి గోడ మీదో ఉండే రేకు చీటీ చదవండి. గ్యాస్ పేరు, బరువు అక్కడ ఉంటాయి. ఇప్పటి ఇంటి ఫ్రిజ్‌లలో ఎక్కువగా ఉండేది ఆర్600ఎ. అంటే ఐసోబ్యూటేన్, మన వంట గ్యాస్‌కి దగ్గర చుట్టం. చిన్న సింగిల్ డోర్‌లో పట్టేది ముప్పై, నలభై గ్రాములే. ఐదు గ్రాములు అటూ ఇటూ అయినా చల్లదనంలో తేడా తెలుస్తుంది. అందుకని దీన్ని డిజిటల్ కాటా మీద తూచి ఎక్కించాలి. పైగా ఈ గ్యాస్ నడిచేటప్పుడు లోపలికి లాగే వైపు ఒత్తిడి బయటి గాలి కన్నా తక్కువ. ఆ వైపు రంధ్రం ఉంటే గ్యాస్ పోవడం కాదు, గాలీ తేమా లోపలికి దూరతాయి. ఆ తేమ క్యాపిలరీ (కాయిల్‌లోకి గ్యాస్‌ని వదిలే సన్నటి గొట్టం) చివర గడ్డకడితే ఫ్రిజ్ కొన్ని గంటలు బాగా చల్లబడి, ఉన్నట్టుండి ఆగుతుంది. ఆపి వేడెక్కనిస్తే మళ్లీ పనిచేస్తుంది. దీన్ని కూడా గ్యాస్ తక్కువని పొరబడి మళ్లీ గ్యాసే ఎక్కిస్తుంటారు.

సముద్రపు గాలి ముందు తినేసేది వెనక కింద ఉండే ఇనుప గొట్టాల్ని. నీళ్ల ట్రే చుట్టూ, కంప్రెసర్ అతుకుల దగ్గర టార్చి వేసి చూడండి. గ్యాస్ కారే చోట దానితోపాటు నూనె కూడా కొంచెం కొంచెం వస్తుంది, దుమ్ము పట్టి జిడ్డుగా నల్లటి మచ్చ కడుతుంది. తుప్పు పక్కన అలాంటి మచ్చ కనబడితే దొంగ దొరికినట్టే. బయట ఎక్కడా కనబడకపోతే పక్క గోడల్లో దాగిన, వేడిని బయటికి వదిలే కండెన్సర్‌దో, తలుపు చట్రం చుట్టూ తిరిగే గొట్టానిదో లోపం కావొచ్చు. గోడ పగలగొట్టక్కర్లేదు. ఆ గొట్టాన్ని వదిలేసి వెనక బయటికి కొత్త కండెన్సర్ జాలీ బిగిస్తారు. చూడ్డానికి పాతకాలం ఫ్రిజ్‌లా ఉంటుంది గానీ పని జరుగుతుంది.

ఈ పని మీ చేతులతో చేసేది కాదు. కానీ చేసేవాడిని అడగాల్సినవి ఉన్నాయి. రంధ్రం ఎక్కడో చూపించాడా? నైట్రోజన్ నింపి సబ్బు నురగతో పరీక్షించాడా? ఫిల్టర్ కొత్తది వేశాడా? గొట్టం తెరిచిన ప్రతిసారీ అది మారాలి. వాక్యూమ్ పంపు తెచ్చాడా, కనీసం అరగంట నడిపాడా? కాటా ఏది? ఈ చివరి ప్రశ్నకి ‘చేతి అంచనా ఉందమ్మా’ అని జవాబొస్తే అక్కడితో ఆపించండి. ఆర్600ఎ ఫ్రిజ్‌లో ఆర్134ఎ అనే వేరే గ్యాస్ పట్టించేవాళ్లున్నారు. రెంటి కంప్రెసర్లు, క్యాపిలరీ కొలతలు వేరు, అది పొసగదు.

నిప్పు సంగతి మరవకండి. వంటింట్లో ఈ పని జరుగుతుంటే స్టవ్ ఆపి, సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి, దేవుడి దగ్గర దీపం ఆర్పి, కిటికీలు తీయాలి. గ్యాస్ ఉన్న గొట్టాన్ని కట్టర్‌తో కోయాలి, మంటతో కాదు. వంట గ్యాస్‌కి లీకైతే తెలియడానికి వాసన కలుపుతారు. దీనికి కలపరు. గాలి కన్నా బరువు కాబట్టి నేల మీద పరుచుకుంటుంది.

*

ఫ్రీజర్‌కి అతుక్కున్న చేపల డబ్బాని కత్తితో పెకలిస్తుంటే ‘స్స్’మని చప్పుడొచ్చింది. అప్పటి నుంచి చల్లబడటం లేదు. ఎంసీల్ పెడితే ఆగుతుందా?
– పాఠకురాలు, నంద్యాల

ఆగదు. సింగిల్ డోర్‌లో ఫ్రీజర్ డబ్బాయే కాయిల్. రెండు అల్యూమినియం రేకులు కలిపి నొక్కి, మధ్యలో గ్యాస్‌కి దారులు వదిలినది. మీ కత్తి ఆ దారిలోకి దిగింది. చలికి ముడుచుకుని, వేడికి సాగే రేకు మీద ఎంసీల్ నాలుగు రోజులకి అంచులు లేస్తుంది. ముందు ఫ్రిజ్ ఆపి ఉంచండి. నడిపితే ఆ రంధ్రం గుండా తేమ లాక్కుంటుంది, కంప్రెసర్ కూడా పాడవుతుంది. మెకానిక్ వచ్చేదాకా రంధ్రం మీద గట్టి టేపు అంటించండి. అల్యూమినియం వెల్డింగ్ బాగా వచ్చినవాడు దొరికితే చిన్న రంధ్రం మూయొచ్చు. లేదంటే ఫ్రీజర్ డబ్బా మార్చడం, తోడుగా ఫిల్టర్, వాక్యూమ్, గ్యాస్.

ఇది చదువుతున్న మిగతావాళ్లు: ‘స్స్’ వినబడిన క్షణంలో స్టవ్ ఆపి కిటికీలు తీయండి. వంటింట్లో ఏ స్విచ్చీ వేయొద్దు, ఆపొద్దు. ఫ్రిజ్ స్విచ్ కూడా. కాసేపు గాలి ఆడాక బయట మెయిన్ దగ్గర ఆపండి. అతుక్కున్న డబ్బా రావాలంటే కత్తి అక్కర్లేదు. స్టీలు గిన్నెలో మరిగే నీళ్లు పోసి పక్కన పెట్టి తలుపు మూస్తే పది నిమిషాల్లో దానంతటదే జారుతుంది. మంచు అర అంగుళం దాకా పేరుకోనివ్వకండి. చిటికెన వేలి మందం రాకముందే కరిగించేయాలి.

*

సింగిల్ డోర్‌లో ఐస్ కరగాలని థర్మోస్టాట్ మధ్యలో ఎర్ర మీట నొక్కాను. రెండు రోజులైంది, ఫ్రిజ్ నడవడమే లేదు.
– పాఠకుడు, ఖమ్మం

మీట లోపలే ఇరుక్కుంది. ఫ్రీజర్ కాస్త వేడెక్కగానే అది దానంతటదే బయటికి తన్నుకురావాలి. నాబ్‌ని సున్నాకి తిప్పి, మళ్లీ చివరిదాకా తిప్పండి, చాలాసార్లు వదులుతుంది. రాకపోతే ప్లగ్గు పీకి, థర్మోస్టాట్‌కి వచ్చే రెండు పవర్ వైర్లు (లైటువి కాదు) కలిపి టేపు చుట్టి ప్లగ్గు పెట్టి చూడండి. కంప్రెసర్ లేస్తే థర్మోస్టాట్ మార్చాలి. పరీక్ష అయ్యాక వైర్లు అలాగే వదిలేస్తే ఫ్రిజ్ ఆగకుండా నడిచి కూరగాయలన్నీ గడ్డకడతాయి. కొత్తది వేసేటప్పుడు దాని సన్న గొట్టం కొన పాతది ఫ్రీజర్‌కి ఎక్కడ బిగించి ఉందో సరిగ్గా అక్కడే బిగించాలి. ఆ కొన గాలిలో వేలాడితే అది కొలిచేది ఫ్రీజర్ చలిని కాదు. అన్నట్టు నాబ్ మీది అంకెలు డిగ్రీలు కావు, అంకె పెరిగేకొద్దీ చలి పెరుగుతుంది.

*

కొత్త ఫ్రిజ్. మేలో పక్క గోడలు చేయి పెట్టలేనంత కాలుతున్నాయి, కంప్రెసర్ ఆగడం లేదు, అయినా నీళ్లు అంతంతమాత్రం చల్లన. లోపమా?
– పాఠకుడు, రెంటచింతల

గోడలు కాలడం లోపం కాదు. వెనక ఉండే నల్లటి జాలీని ఇప్పుడు పక్క గోడల్లో దాచేశారు, లోపలి వేడి అక్కడి నుంచే బయటికి పోవాలి. ఆ గోడల్ని బీరువాకీ గోడకీ మధ్య ఇరికిస్తే వేడి ఎటు పోతుంది? పక్కల నాలుగు వేళ్ల సందు, వెనక జానెడు వదలండి. మీద దుప్పటి గుడ్డ కప్పి ఉంటే తీసేయండి.

రేకు చీటీ మీద క్లైమేట్ క్లాస్ చూడండి. ‘ఎన్’ అంటే 32 డిగ్రీల దాకా, ‘ఎస్‌టి’ 38 దాకా, ‘టి’ అయితే 43 దాకా తట్టుకునేలా చేసింది. మీ ఊళ్లో మేలో బయట 45 దాటే రోజులు ఉంటాయి కాబట్టి ‘టి’ తప్ప వేరేది కొనకూడదు. అది కూడా రేకుల వసారాలో పెడితే చేతులెత్తేస్తుంది.

తర్వాత తలుపు రబ్బరు. పది రూపాయల నోటు సగం లోపల, సగం బయట ఉంచి తలుపు వేసి లాగండి. కొంచెం బిగువుగా రావాలి. ఊరికే జారిన చోట రబ్బరు అతకడం లేదు. తలుపు నాలుగు వైపులా అలాగే చూడండి. సబ్బు నీళ్లతో మడతల్లో జిడ్డు తుడిచి, వేణ్ణీళ్లలో ముంచి పిండిన గుడ్డతో కాచి, తలుపు వేసి ఒక రాత్రి అదిమి ఉంచితే చాలావరకు మళ్లీ అతుకుతుంది. ముందు కాళ్లు ఒక మర ఎత్తు లేపండి, తలుపు తనంతట తానే మూసుకుంటుంది.

*

న్యూజెర్సీలో ఉంటాం. గరాజ్‌లో పాత ఫ్రిజ్ పెట్టుకున్నాం. వేసవిలో బాగుంటుంది. జనవరిలో మాత్రం ఫ్రీజర్‌లోని ములక్కాడ ముక్కలు, రొయ్యలు మెత్తబడిపోతున్నాయి. చలికాలంలో ఇదేం చోద్యం?
– పాఠకురాలు

చోద్యం కాదు. అలాంటి ఫ్రిజ్‌కి థర్మోస్టాట్ ఒక్కటే, అదీ కింది అరలో. గరాజే మూడు నాలుగు డిగ్రీలుంటే కింది అర చల్లగానే ఉందనుకుని అది కంప్రెసర్‌ని లేపదు. మైనస్ 18లో ఉండాల్సిన ఫ్రీజర్ గరాజ్ వేడికి చేరుకుంటుంది. అక్కడ గరాజ్ కిట్ పేరుతో థర్మోస్టాట్ దగ్గర బిగించే చిన్న హీటర్ దొరుకుతుంది. మీ మోడల్‌కి ఉంటే అది, లేకపోతే చలికాలానికి ఫ్రిజ్‌ని ఇంట్లోకి జరపడం. మెత్తబడిన రొయ్యల్ని మళ్లీ గడ్డకట్టించి తినకండి.

*

ఫ్రిజ్ బాగుచేయించడానికి రెండు మూడు రోజులు పట్టేలా ఉంది. ఇంట్లో ఇన్సులిన్ ఉంది. ఏం చేయాలి?
– పాఠకుడు, నిజామాబాద్

తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. తలుపు తీయకుండా ఉంచితే ఆగిన ఫ్రిజ్ నాలుగు గంటల వరకే ఆ చలిని నిలుపుతుంది. ఈలోగా పక్కింటి ఫ్రిజ్‌లో మధ్య అరకి చేర్చండి. ఫ్రీజర్‌కీ, దాని కింది ట్రేకీ దూరంగా ఉండాలి. ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక మామూలుగా కనిపించినా పారేయాల్సిందే. థర్మాస్‌లో నేరుగా ఐస్ ముక్కల మీద పెట్టకండి, అదే కారణం.

ఎవరి ఫ్రిజ్ దొరక్కపోతే పాతకాలపు ఉపాయం: పెద్ద మట్టికుండ అడుగున ఇసుక పోసి, అందులో చిన్న కుండ దించి, మధ్య సందంతా ఇసుక నింపి తడుపుతూ ఉండండి. ఇన్సులిన్‌ని కవర్లో పెట్టి చిన్న కుండలో ఉంచి తడిగుడ్డ కప్పి, గాలి తగిలే నీడలో పెట్టాలి. మీ వైపు పొడి వేడికి ఇది బాగా పనిచేస్తుంది, కోస్తా ఉక్కలో అంతగా చేయదు. ఫ్రిజ్ చలి మాత్రం ఇందులో రాదు. కాబట్టి వాడుతున్న సీసాని ఇందులో ఉంచుకుని, తెరవని వాటికి దగ్గర్లోని మందుల షాపు ఫ్రిజ్‌లో చోటడగండి. వాడుతున్న సీసా గది వేడిలో ఎన్ని రోజులు, ఎన్ని డిగ్రీల దాకా నిలుస్తుందో దాని డబ్బాలోని కాగితం మీద ఉంటుంది. చాలావాటికి అది నాలుగు వారాలు.

ఫ్రిజ్ బాగై వచ్చాక వెంటనే మందులు సర్దకండి. మధ్య అరలో గ్లాసు నీళ్లు పెట్టి, అందులో థర్మామీటర్ ఉంచి ఒక రాత్రి వదిలేయండి. జ్వరం చూసేది పనికిరాదు, సున్నా నుంచి అంకెలున్నది కావాలి. పొద్దున్నే తలుపు తీయగానే 2కీ 8కీ మధ్య ఉంటే అప్పుడు ఇన్సులిన్ లోపల పెట్టండి.